కంప్యూటరుతో రూపకల్పన: ఇంజనీరు చేసే పని ఏమిటి?

కుర్చీ మొదలుకొని విమానం వరకు, మనిషి తయారుచేసే ప్రతి వస్తువూ మొదట ఆలోచనలో పుట్టి, తరువాత కర్మశాలలో రూపం ధరిస్తుంది. ఈ రెండింటికీ మధ్య వారధి డ్రాయింగు. ఇంజనీరు మనస్సులో ఉన్న వస్తువు, లేతు యంత్రం ముందు నిలిచిన కార్మికునికి అర్థం కావలెనంటే మాటలు చాలవు. ఎంత పొడవు, ఎంత మందం, రంధ్రం ఎక్కడ, లోహం ఏది అనే విషయాలన్నీ సందేహానికి తావు లేకుండా తెలియవలెను. అందుకనే డ్రాయింగును ఇంజనీర్ల భాష అంటారు.

ఈ భాషకు వ్యాకరణం కూడా ఉన్నది. ఒక వస్తువు పైనుంచి చూస్తే ఎట్లా కనబడుతుందో ఒక బొమ్మ, ఎదుటినుంచి చూస్తే ఎట్లా కనబడుతుందో రెండవ బొమ్మ, ప్రక్కనుంచి చూస్తే ఎట్లా కనబడుతుందో మూడవ బొమ్మ గీస్తారు. మూడింటినీ కలిపి చదివితే ఘనవస్తువు మనస్సుకు గోచరిస్తుంది. ఈ పద్ధతికి పద్దెనిమిదవ శతాబ్ది చివరిభాగంలో గణితశాస్త్రపు పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన గాస్పార్ మోంజ్.

పూర్వం ఈ బొమ్మలన్నీ చేతితోనే గీసేవారు. ఏటవాలుగా అమర్చిన డ్రాయింగు బల్ల, టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, వృత్తలేఖిని వారి పనిముట్లు. ట్రేసింగు కాగితం మీద సిరాతో గీసిన మూలప్రతినుంచి నకళ్లు తీసి కర్మశాలకు పంపేవారు. పని చక్కగానే సాగేది. చిక్కల్లా మార్పు వచ్చినప్పుడే. ఒక రంధ్రం వ్యాసాన్ని 16 మి.మీ. నుంచి 18 మి.మీ.కు పెంచవలసి వచ్చిందనుకొందాం. ఆ మార్పు మూడు బొమ్మలలోనూ చేయవలెను. ఆ రంధ్రంలో దూరే బోల్టు డ్రాయింగులో చేయవలెను. సామగ్రి పట్టికలో చేయవలెను. ఎక్కడో ఒకచోట మరచిపోతే, రెండు భాగాలూ కర్మశాలలో కలుసుకొన్ననాడు గాని ఆ సంగతి బయటపడదు. అప్పటికి లోహమూ, కూలీ, కాలమూ ఖర్చయిపోయి ఉంటాయి.

నేడు ఈ పనిలో అధికభాగం కంప్యూటరు సహాయంతో జరుగుతున్నది. దీనిని కంప్యూటర్ ఎయిడెడ్ డిజైన్ అనీ, పొట్టిగా ‘క్యాడ్’ అనీ పిలుస్తారు. పెన్సిలుకు బదులు మౌసు, బల్లకు బదులు తెర వచ్చాయని చాలామంది అనుకొంటారు. అసలు మార్పు అంతకంటె లోతైనది. అది తెలియాలంటే ఈ పద్ధతి పుట్టిన చోటికి వెళ్లవలెను.

గీత వెనుక నియమం

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే యువకుడు తన డాక్టరేటు పరిశోధనలో భాగంగా ‘స్కెచ్‌ప్యాడ్’ అనే ప్రోగ్రామును సమర్పించాడు. అది లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్.-2 అనే పెద్ద కంప్యూటరు మీద పనిచేసేది. కాంతికలంతో తెరను తాకి గీతలు గీయవచ్చును. ఇది చూడముచ్చటైన సంగతే. కాని అసలు విశేషం తరువాత ఉన్నది. గీత గీసిన తరువాత, “ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండవలెను”, “ఈ రెండు భుజాలూ సమానం కావలెను” అని కంప్యూటరుకు నియమాలు చెప్పవచ్చును. వంకరటింకరగా గీసిన చతుర్భుజం ఆ నియమాలకు లోబడి తనంతట తాను సరిదిద్దుకొనేది. కంప్యూటరు దాచుకొన్నది గీతలను మాత్రమే కాదు, వాటి మధ్య ఉన్న సంబంధాలను కూడా. సదర్లాండ్‌కు 1988లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఈ నియమాలు పనిచేసే తీరు ఉన్నత పాఠశాల బీజగణితానికి అందనిది కాదు. ఒక దీర్ఘచతురస్రాన్ని తీసుకోండి. దానికి నాలుగు మూలలు. ఒక్కొక్క మూల స్థానం చెప్పడానికి రెండేసి నిరూపకాలు కావలెను. అంటే మొత్తం 8 అవ్యక్త రాశులు. పై భుజం, క్రింది భుజం అడ్డంగా ఉండవలెనన్న నియమం 2 సమీకరణాలను ఇస్తుంది. కుడి, ఎడమ భుజాలు నిలువుగా ఉండవలెనన్నది మరి 2. పొడవు ఇంత, వెడల్పు ఇంత అని చెబితే ఇంకొక 2. ఒక మూలను ఒక చోట స్థిరపరిస్తే మిగిలిన 2. ఎనిమిది అవ్యక్తాలు, ఎనిమిది సమీకరణాలు. బొమ్మ పూర్తిగా నిర్ణయమైనది. ఒక సమీకరణం తక్కువైతే బొమ్మ వదులుగా ఉండి, లాగితే కదులుతుంది. పొసగని సమీకరణం ఒకటి ఎక్కువైతే నియమాలు ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నాయని కంప్యూటరు హెచ్చరిస్తుంది. నేటి క్యాడ్ సాఫ్ట్‌వేరులో ఇంజనీరు గీసే ప్రతి బొమ్మకూ లోపల ఇటువంటి సమీకరణాల సముదాయం ఉంటుంది.

సదర్లాండ్ వాడినటువంటి కంప్యూటర్లు ఒక గదినిండా ఉండేవి. వాటిని పెద్ద సంస్థలే భరించగలిగేవి. బల్లమీద పెట్టుకొనే చిన్న కంప్యూటర్ల కోసం ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు 1982 డిసెంబరులో వెలువడిన తరువాత చిన్న కార్యాలయాలకు కూడా ఈ పద్ధతి అందుబాటులోకి రాసాగింది. హైదరాబాదులో 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అనే పేరుతో ఆరంభమై, తరువాత సైయెంట్‌గా పేరు మార్చుకొన్న సంస్థవంటివి ఈ విద్యను ఆధారం చేసుకొని ఇతర దేశాల పరిశ్రమలకు రూపకల్పన పని చేసి పెడుతున్నాయి.

ఒక ఫ్లాంజిని రూపొందిద్దాం

ఇంజనీరు పని ఎట్లా సాగుతుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. రెండు నీటి గొట్టాలను కలిపేచోట వాటి చివరలకు గుండ్రని ఇనుప బిళ్లలు ఉండి, ఆ బిళ్లలను బోల్టులతో బిగించి ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ బిళ్లను ఫ్లాంజి అంటారు.

ఇంజనీరు మొదట తెర మీద ఒక వృత్తం గీసి వ్యాసం 160 మి.మీ. అని చెబుతాడు. అదే కేంద్రంతో నీరు పోయే దారికి 60 మి.మీ. వ్యాసం గల మరొక వృత్తం గీస్తాడు. ఇంతవరకు ఇది చదునైన బొమ్మ. “దీనికి 16 మి.మీ. మందం ఇవ్వు” అనగానే అది నడుమ రంధ్రం ఉన్న ఘనవస్తువుగా మారుతుంది. తరువాత 120 మి.మీ. వ్యాసం గల ఊహావృత్తం మీద 18 మి.మీ. వ్యాసంతో ఒక రంధ్రం వేసి, అటువంటివి సమానదూరంలో 6 ఉండవలెనని ఆజ్ఞాపిస్తాడు. కంప్యూటరు 360 డిగ్రీలను 6 చేత భాగించి, 60 డిగ్రీలకు ఒకటి చొప్పున రంధ్రాలు అమరుస్తుంది.

ఇప్పుడు ఆ వస్తువును ఎటు కావాలంటే అటు త్రిప్పి చూడవచ్చును. ఎక్కడ కావాలంటే అక్కడ కోసి లోపలి భాగం చూడవచ్చును. మూడు దిక్కుల బొమ్మలనూ ఈ ఒక్క ఘనరూపం నుంచే కంప్యూటరు తీసి ఇస్తుంది. గనుక ఒక బొమ్మలో 16 అనీ మరొక బొమ్మలో 18 అనీ ఉండే అవకాశం లేదు. బరువు కూడా అడగవచ్చును. ఘనపరిమాణం సుమారు 252 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, కాబట్టి ఫ్లాంజి బరువు 1.98 కిలోగ్రాములు. విద్యార్థులు వృత్తవైశాల్య సూత్రంతో ఈ లెక్క స్వయంగా చేసి సరిచూసుకోవచ్చును.

గొట్టం పెద్దదైతే? లోపలి వ్యాసం మారిస్తే చాలు. “వెలుపలి వ్యాసం లోపలి వ్యాసం కంటె 100 మి.మీ. ఎక్కువ ఉండవలెను” అన్న సంబంధం ముందే వ్రాసి ఉంచితే మిగిలిన కొలతలు వాటంతట అవే సర్దుకొంటాయి. పాతకాలపు చిత్రకారునికి ఒక పూట పట్టే మార్పు ఇక్కడ క్షణంలో జరుగుతుంది.

యంత్రానికి తెలియనిది

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం కూడా దాగి ఉన్నది. బోల్టుల సంఖ్య 6 బదులు 12 చేద్దాం. కంప్యూటరు మారు మాటాడకుండా 12 రంధ్రాలు వేస్తుంది. బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. కాని త్రికోణమితి ఏమంటున్నదో చూడండి. ప్రక్క ప్రక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరం ఆ వృత్తంలో ఒక జ్యా. 6 రంధ్రాలైతే ఆ జ్యా వ్యాసార్ధానికి సమానం, అంటే 60 మి.మీ. 12 రంధ్రాలైతే 120ని 15 డిగ్రీల సైను విలువతో గుణించవలెను. సుమారు 31 మి.మీ. వస్తుంది. 16 మి.మీ. బోల్టుకు వాడే ఆరుపలకల నట్టు ఎదురెదురు ముఖాల మధ్య 24 మి.మీ. ఉంటుంది, మూలనుంచి మూలకు దాదాపు 28 మి.మీ. ఇక రెండు నట్ల మధ్య మిగిలే సందు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. స్పానరు దవడ మందానికి ఆ సందు చాలదు. బిగించడానికి వీలుకాని బోల్టు ఎన్ని ఉన్నా ప్రయోజనం ఏమిటి?

24 రంధ్రాలు వేయమంటే సంగతి మరీ విపరీతం. కేంద్రాల మధ్య దూరం 15.7 మి.మీ. మాత్రమే, రంధ్రం వ్యాసమేమో 18 మి.మీ. అంటే రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, బిళ్ల రెండు వలయాలుగా విడిపోతుంది. కంప్యూటరు తప్పు లెక్క వేయలేదు. చెప్పినది చెప్పినట్లు చేసింది. ఆ బిళ్ల నీటి ఒత్తిడిని ఆపడానికి ఉద్దేశించినదన్న సంగతి దానికి తెలియదు. ఆ ఉద్దేశ్యం ఇంజనీరు మనస్సులో ఉన్నది. పనిముట్టు ఎంత శక్తివంతమైనదైతే, దానికి పని చెప్పేవాని బాధ్యత అంత పెరుగుతుంది.

వంపులకు లెక్క

ఫ్లాంజిలో ఉన్నవి వృత్తాలు, సరళరేఖలు. కారు వెలుపలి రేకు, ఓడ పార్శ్వం, విమానం రెక్క వీటితో ఇమడవు. పూర్వం ఓడలు కట్టేవారు వంగే గుణం గల సన్నని చెక్క బద్దను తీసుకొని, అక్కడక్కడ సీసపు దిమ్మలతో అదిమిపట్టి, అది సహజంగా తీసుకొనే వంపు వెంబడి గీత గీసేవారు. కాని ఆ వంపును అంకెలలో ఇంకొక ఊరికి పంపడం ఎట్లా?

ఈ చిక్కును విప్పినవారు ఫ్రాన్సులోని కార్ల పరిశ్రమవారు. సిట్రోయెన్ సంస్థలో పనిచేసిన గణితజ్ఞుడు పాల్ ద కాస్టెల్జో 1959లో ఒక పద్ధతి కనిపెట్టాడు. కాని సంస్థ దానిని రహస్యంగా ఉంచింది. రెనో సంస్థలో ఇంజనీరైన పియేర్ బెజియే ఆ తరువాత స్వతంత్రంగా అదే ఫలితానికి చేరి, దానిని ప్రకటించాడు. అందుచేత ఆ వంపులకు బెజియే వక్రాలు అనే పేరు స్థిరపడింది.

గ్రాఫు కాగితం, స్కేలు ఉంటే తరగతిలోనే ఈ వక్రాన్ని గీయవచ్చును. నాలుగు బిందువులు గుర్తించండి: క (0, 0), ఖ (2, 4), గ (6, 4), ఘ (8, 0). వాటిని వరుసగా కలపండి. మూడు రేఖాఖండాలు వస్తాయి. వాటి మధ్యబిందువులు (1, 2), (4, 4), (7, 2). ఈ మూడింటినీ కలిపితే రెండు ఖండాలు వస్తాయి, వాటి మధ్యబిందువులు (2.5, 3), (5.5, 3). ఈ రెండింటినీ కలిపి మధ్యబిందువు తీస్తే (4, 3). వక్రం ఈ బిందువుగుండా పోతుంది. సగం బదులు నాలుగవ వంతు దగ్గర విభజిస్తూ అదే పని చేస్తే సుమారు (1.8, 2.25) వస్తుంది, మూడు వంతుల దగ్గర విభజిస్తే (6.2, 2.25). ఇట్లా వచ్చిన బిందువులను కలుపుకొంటూ పోతే క దగ్గర బయలుదేరి ఘ దగ్గర ముగిసే నున్నని వంపు ఏర్పడుతుంది. ఖ, గ బిందువులను వంపు తాకదు. అవి అయస్కాంతాలవలె దానిని తమవైపు లాగుతాయి. వాటిని జరిపితే వంపు మారుతుంది.

నాలుగు బిందువులు, అంటే ఎనిమిది అంకెలు. ఇంతటితో ఒక వంపు పూర్తిగా వర్ణింపబడినది. ఇటువంటి వక్రాలను రెండు దిశలలో అల్లితే కారు పైకప్పు తయారవుతుంది. కంప్యూటరు మీద అచ్చుకు కూర్చే తెలుగు అక్షరాల తలకట్లూ, సున్నల గుండ్రదనమూ ఈ కుటుంబానికి చెందిన వక్రాలతోనే నిలిచి ఉన్నాయి.

భాగాలను కూర్చడం

ఒక్క భాగాన్ని చక్కగా రూపొందించినంత మాత్రాన యంత్రం కాదు. భాగాలు ఒకదానిలో ఒకటి అమరవలెను. ఇక్కడ ఒక చిన్న సత్యం గుర్తుంచుకోవలెను. కంప్యూటరులో 20 మి.మీ. అంటే అక్షరాలా 20 మి.మీ. కర్మశాలలో ఏ కొలతా అంత ఖచ్చితంగా రాదు. కాబట్టి ఎంత తేడాను సహించవచ్చునో ఇంజనీరు ముందే నిర్ణయిస్తాడు. దీనిని టాలరెన్సు అంటారు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఒక అమరికలో 20 మి.మీ. రంధ్రం 20.000 నుంచి 20.021 వరకు ఉండవచ్చును; దానిలో తిరిగే ఇరుసు 19.980 నుంచి 19.993 వరకు ఉండవచ్చును. అతి బిగువైన జతలో కూడా 0.007 మి.మీ. సందు మిగులుతుంది, అతి వదులైన జతలో 0.041 మి.మీ. ఏ ఇరుసును ఏ రంధ్రంలో పెట్టినా తిరుగుతుందన్న భరోసా ఈ నాలుగు అంకెలలో ఉన్నది.

వేలకొలది భాగాలను ముందుగా తెర మీదనే కూర్చి, ఒకదానికొకటి అడ్డు తగులుతున్నాయేమో చూడడం క్యాడ్ ఇచ్చిన పెద్ద వరం. బోయింగ్ సంస్థవారి 777 విమానం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అంతకుముందు కొత్త విమానం తయారుచేసేటప్పుడు చెక్కతోనూ, లోహంతోనూ పూర్తి పరిమాణంలో నమూనాలు కట్టి, గొట్టాలూ తీగలూ ఎట్లా పోతాయో చూసుకొనేవారు. 1994 జూన్ 12న మొదటిసారి ఎగిరిన 777ను కేటియా అనే ఫ్రెంచి సాఫ్ట్‌వేరుతో కంప్యూటరులోనే రూపొందించి, అక్కడే కూర్చి చూశారు. ముక్కు భాగానికి మాత్రం ఒక నమూనా కట్టి, కంప్యూటరు చెప్పినది నిజమేనని తేలిన తరువాత మిగిలిన నమూనాలను మానుకొన్నారు. కొత్త పద్ధతిని నమ్మేముందు ఒకచోట పరీక్షించి చూసిన ఆ జాగ్రత్త గమనించదగినది.

ఇందుకు ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. ఎయిర్‌బస్ సంస్థవారి రెండంతస్తుల ఎ-380 విమానం భాగాలు ఐరోపాలోని వేరువేరు దేశాలలో తయారై ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో కూడేవి. ఒక్కొక్క విమానంలో దాదాపు 500 కిలోమీటర్ల పొడవు విద్యుత్ తీగలు ఉంటాయి. జర్మనీలోని హాంబర్గు నుంచి వచ్చిన భాగాలలోని తీగల కట్టలు తులూజ్‌లో బిగించబోతే పొడవు చాలలేదు. జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ వాడిన సాఫ్ట్‌వేరు పేరు ఒకటే, కేటియా. కాని ఒకచోట నాలుగవ సంచిక, మరొకచోట అయిదవ సంచిక. ఒకదానిలో చేసిన మార్పులు రెండవదానికి సరిగా అందలేదు. లావైన తీగల కట్ట మలుపు తిరిగేటప్పుడు ఎంత పొడవు అదనంగా కావలెనో ఆ లెక్క చెడిపోయింది. 2006లో సంస్థవారు ఆలస్యాలు వరుసగా ప్రకటించవలసి వచ్చింది. మొదటి విమానం కొనుగోలుదారుకు 2007 అక్టోబరులో గాని చేరలేదు. అందరూ ఒకే రూపాన్ని చూస్తున్నారన్న నమ్మకం మీదనే క్యాడ్ నిలిచి ఉన్నది. ఆ ఐక్యత చెడితే పాతకాలపు కాగితాల చిక్కే పెద్దరూపంలో తిరిగి వస్తుంది.

బలం పరీక్షించడం

వస్తువు అమరితే చాలదు, నిలవవలెను. దూలం వంగకుండా ఉంటుందా, గోడ పగలకుండా ఉంటుందా అన్నది తరువాతి ప్రశ్న. సాధారణమైన దూలానికి సూత్రాలు ఉన్నాయి. చిక్కని ఆకారాలకు సూత్రాలు దొరకవు. అప్పుడు ఇంజనీరు ఆ ఆకారాన్ని వేలకొలది చిన్న ముక్కలుగా విభజిస్తాడు. ఒక్కొక్క ముక్కను ఒక చిన్న స్ప్రింగువలె భావించవచ్చును. ఎంత బలానికి ఎంత సాగుతుందో హుక్ నియమం చెబుతుంది. ముక్కలు కలిసేచోట్ల బలాలు సమతుల్యంగా ఉండవలెనని వ్రాస్తే వేలకొలది సమీకరణాలు వస్తాయి. వాటిని సాధించడం కంప్యూటరు పని. దీనికి ‘పరిమిత మూలక పద్ధతి’ అని అర్థం వచ్చే పేరు పెట్టినవాడు అమెరికా ఇంజనీరు రే క్లఫ్, 1960లో.

ముక్కలు ఎంత చిన్నవైతే సమాధానం నిజానికి అంత దగ్గరవుతుంది. ఇది వృత్తంలో బహుభుజి గీసి పై విలువ కట్టడం వంటిది. వృత్తంలో షడ్భుజి గీస్తే చుట్టుకొలతకూ వ్యాసానికీ నిష్పత్తి 3; 12 భుజాలతో 3.106, 24 భుజాలతో 3.133, 96 భుజాలతో 3.141. షడ్భుజి గీసి ఆగిపోయినవాడు పై విలువ 3 అనే నమ్ముతాడు. అంకె వచ్చింది గదా అని ఊరకుంటే ఏమవుతుందో 1991లో నార్వే దేశంలో జరిగిన దుర్ఘటన చెబుతుంది.

ఉత్తర సముద్రంలో సహజవాయువు తీయడానికి స్లైప్నర్-ఎ అనే కట్టడానికి కాంక్రీటుతో బ్రహ్మాండమైన పునాది నిర్మించారు. అది 24 గుండ్రని గదుల సముదాయం. 82 మీటర్ల లోతు నీటిలో నిలవవలసినది. మూడు గదులు కలిసేచోట త్రికోణాకారపు ఖాళీలు మిగిలాయి. వాటిలోకి సముద్రజలం వస్తుంది గనుక చుట్టూ ఉన్న గోడలు నీటి ఒత్తిడిని భరించవలెను. కంప్యూటరు విశ్లేషణలో ఈ గోడలను తగినంత చిన్న ముక్కలుగా విభజించలేదు. ఫలితంగా గోడను అడ్డంగా కోసే బలం అసలు విలువకంటె 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చింది. ఆ అంకెను నమ్మి గోడలు పలుచగా పోశారు. లోపల పెట్టిన ఉక్కుచువ్వల చివరలు కూడా తగినంత దూరం సాగలేదు.

1991 ఆగస్టు 23న స్టవాంగర్ సమీపంలో సముద్రపు పాయలో ఆ పునాదిని మెల్లమెల్లగా నీటిలోకి దించుతుండగా గోడ పగిలింది. పంపులు తోడగలిగినదానికంటె వేగంగా నీరు లోపలికి వచ్చింది. కట్టడమంతా మునిగి, అడుగును తాకి ముక్కలైపోయింది. ఆ దెబ్బకు భూకంప లేఖినుల మీద 3 పరిమాణం గల ప్రకంపన నమోదయింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. ధననష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు. తరువాత సూక్ష్మంగా విభజించి లెక్కవేస్తే, ఆ గోడ 62 మీటర్ల లోతు దగ్గర పగలవలెనని తేలింది. నిజంగా పగిలినది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో లోపం లేదు. దానిని ఉపయోగించిన తీరులో ఉన్నది.

ఇటువంటి అంకెను పట్టుకోవడానికి పెద్ద కంప్యూటరు అవసరం లేదు. 65 మీటర్ల లోతున నీటి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 65 టన్నులు. ఉదాహరణకు 4 మీటర్ల వెడల్పు గోడ అనుకొందాం. ఒక మీటరు ఎత్తు పట్టీ మీద పడే బరువు 260 టన్నులు. అది రెండు అంచులకూ సమానంగా చేరవలెను గనుక ఒక్కొక్క అంచు దగ్గర 130 టన్నులు ఉండి తీరవలెను. కంప్యూటరు అక్కడ 70 టన్నులు అని చూపితే, మిగిలిన 60 టన్నులు ఎక్కడికి పోయాయని ఇంజనీరు అడగవలెను. తొమ్మిదవ తరగతి విద్యార్థి వేయగల గుణకారం, భాగహారం ఇవి.

తెరనుంచి కర్మశాలకు

రూపకల్పన ముగిసిన తరువాత ఆ ఘనరూపం నుంచే కోత యంత్రాలకు ఆదేశాలు తయారవుతాయి. కోసే పనిముట్టు ఏ దారిన నడవవలెనో, ఎంత వేగంతో కదలవలెనో అంకెలలో పోతుంది. పొరమీద పొర పేర్చి వస్తువును నిర్మించే త్రిమాణ ముద్రణ యంత్రాలకు కూడా అదే ఘనరూపం ఆధారం. అయినా డ్రాయింగు పూర్తిగా మాయం కాలేదు. టాలరెన్సులు, లోహం రకం, ఉపరితలం ఎంత నున్నగా ఉండవలెనన్న సూచన, ఆమోదించినవారి సంతకం - ఇవి ఆకారంలో కనబడవు. వీటిని తెలపడానికి డ్రాయింగు ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

ఇంజనీరు పనిదినం ఎట్లా గడుస్తుందో ఇప్పుడు ఊహించవచ్చును. గీయడానికి పట్టే కాలం తగ్గింది. ఆ మిగిలిన కాలం ఆలోచించడానికి, ప్రత్యామ్నాయాలను పోల్చడానికి, సరిచూడడానికి ఉపయోగపడవలెను. మంచి ఇంజనీరు కంప్యూటరుకు పని చెప్పేముందే సమాధానం సుమారుగా ఎంత రావలెనో కాగితం మీద వేసుకొంటాడు. వచ్చిన జవాబు దానికి దూరంగా ఉంటే కారణం తెలిసేవరకు ముందుకు పోడు. ముక్కల సంఖ్య రెట్టింపు చేసి జవాబు మారుతున్నదేమో చూస్తాడు. తన రూపాన్ని మరొకరిచేత పరిశీలింపజేస్తాడు. స్పానరు పట్టే చోటు ఉన్నదా అని బిగించేవానిని అడుగుతాడు.

కొన్ని పాఠశాలల్లో విద్యార్థులు, “కంప్యూటరే గీస్తుంది, కంప్యూటరే లెక్క వేస్తుంది, మాకు జ్యామితి, త్రికోణమితి ఎందుకు?” అని ఉపాధ్యాయులను అడుగుతుంటారు. పై ఉదాహరణలే దానికి జవాబు. ఆరు రంధ్రాల మధ్య దూరం చెప్పినది జ్యామితి. పన్నెండు రంధ్రాలు పనికిరావని చెప్పినది త్రికోణమితి. కారు వంపును అంకెలలోకి దించినది మధ్యబిందువు సూత్రం. స్లైప్నర్ గోడమీద ఎంత భారం పడుతుందో చెప్పగలిగేది ద్రవపీడనాన్ని గురించి మనం చదువుకొనే చిన్న పాఠం. కంప్యూటరు ఈ విద్యలన్నిటినీ మహావేగంతో అమలు జరుపుతుంది. వచ్చిన జవాబు నమ్మదగినదా కాదా అని నిర్ణయించి, దానిక్రింద సంతకం చేసే పని మాత్రం ఇంజనీరుదే.